తెర కట్టిన గూడు

కోళ్ళఫారంలో అందరూ ఆమెను ట్రేలత్త అంటారు. పంతొమ్మిదేళ్ళుగా ఆమె పని గుడ్లు తీసి ట్రేల్లో సర్దడం. పంజరాల అడుగున తీగల నేల ఏటవాలుగా ఉండేది కాబట్టి గుడ్డు దానంతటదే దొర్లుకుంటూ ఆమె చేతి దగ్గరికి వచ్చేది. ఏ కోడి ఎప్పుడు పెట్టిందో ఆమె ఏనాడూ పట్టించుకోలేదు.

కోళ్ళను పంజరాల్లో కుక్కకూడదని కొత్త చట్టం వచ్చింది. పంజరాలు పీకేసి, షెడ్డు నిండా పొట్టు పరిచి, గోడ వెంట తెరలు కట్టిన గూళ్ళు పెట్టారు. పంజరం తప్ప మరేమీ ఎరగని కోళ్ళు గూళ్ళ వంక కూడా చూడకుండా ఎక్కడ పడితే అక్కడ గుడ్లు పెట్టాయి. అత్త వంగి వంగి ఏరింది. చట్టం చేసినవాళ్ళను నోటికొచ్చినట్టు తిట్టింది.

"కోడికి చట్టం చేశారు సరే, నా నడుముకెవరు చేస్తారయ్యా?" అని మేస్త్రీని నిలదీసింది.

మూడోవారం ఒకరోజు, ఒక గూటి తెర ఎత్తి చెయ్యి పెట్టబోయి ఆగిపోయింది. లోపల ఒక కోడి పొట్టును కాళ్ళతో సర్దుకుని, చీకటి మూలకు తిరిగి కూర్చుని ఉంది. అత్తను చూసి చిన్నగా గుర్రుమంది. కోడి గుడ్డు పెడుతుంటే నిలబడి చూడడం ఆమెకదే మొదలు. తెర మెల్లగా దించేసింది.

"ఏంటత్తా, ఆగిపోయావ్? ఆ గూడు కూడా చూసెయ్, లారీ వచ్చేసింది," అంటూ మేస్త్రీ దగ్గరికొచ్చాడు.

అత్త బకెట్టు బోర్లించి, గూటికి అడ్డంగా కూర్చుంది.

"లోపల ఒకావిడ ఉంది. నువ్వు కాస్త అటు తిరుగు."