గోడ మీద ఒక వీపు

శనివారం పొద్దున్నే మైదానం దగ్గరి తిండి కొట్టుకి దాల్చినచెక్క బన్నుల పళ్ళేలు మోసుకుంటూ కాలేజీ వ్యాయామశాల నడవలోంచి వెళ్ళేటప్పుడు, ఆర్లిస్ కుబిచెక్ అక్కడ గోడకి వేలాడే పెద్దమనుషుల్ని పలకరించకుండా పోయేది కాదు. పలకరింపంటే మర్యాద అనుకునేరు.

"ఏం మీసాలాయనా, మేకు ఇంకా ఊడలేదా?" అనేది మొదటి ఫోటోతో.

వెనకాల చిల్లీ అనే కారం మాంసం పులుసు గిన్నె పట్టుకొచ్చే లవోన్ ష్రేడర్ కిసుక్కున నవ్వేది. "మెల్లిగా తిట్టవే. గిన్నె ఒలికిందంటే వంద మందికి ఆకలి."

నెబ్రాస్కాలోని ప్లమ్ ఫోర్క్ ఊళ్ళో మొక్కజొన్న ఉంది, గాలి ఉంది, కాలేజీ ఉంది. కాలేజీకి ఒక ఫుట్‌బాల్ జట్టుంది. కోడిగుడ్డు లాంటి బంతిని చంకలో ఇరికించుకుని ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి దొర్లే ఫుట్‌బాల్. చుట్టుపక్కల కాలేజీ జట్లకి పులులనీ దున్నలనీ పేర్లుంటే వీళ్ళకి కొంగలు. చలి తగ్గే వేళకి ప్లాట్ నది మీద గుంపులుగా వాలి, మేత అయిపోగానే లేచిపోయే కొంగలు. ఆ పేరు జట్టు కంటే గోడ మీదున్న కోచ్‌లకే బాగా అతికిందని ఆర్లిస్ అభిప్రాయం.

మీసాలాయన రెవరెండ్ పింక్నీ. జట్టు పెట్టింది ఆయనే. ఆయన సంగతి ఆర్లిస్ వాళ్ళ నాన్న చెప్పగా విన్నది. లాటిన్ పంతులు. ఎదుటి జట్టుకి అర్థం కాకూడదని ఆటలో ఆజ్ఞలన్నీ లాటిన్‌లో ఇచ్చేవాడట. ఎదుటివాళ్ళకి అర్థం కాలేదు నిజమే. సొంత పిల్లలకీ కాలేదు. ఆజ్ఞ వినగానే ఎటు పరిగెత్తాలో తెలీక ఒకళ్ళనొకళ్ళు ఢీకొనేవారు. అదే ఎత్తుగడ అని రెవరెండ్ గారు కాలేజీ పత్రికలో వ్యాసం రాసుకున్నారు.

పక్కనే హాబ్ స్టోవర్. మైదానానికి ఆయన పేరే. గొంతు తప్ప వేరే విద్య లేని మనిషి. ఆయన హయాంలోనే కాలేజీకి ఒక కప్పు వచ్చింది, అద్దాల బీరువాలో దానికి ప్రత్యేకంగా దీపం కూడా పెట్టారు. ఆఖరి ఆటకి రావలసిన జట్టు బస్సు మంచులో కూరుకుపోయి రాలేదు. రాని జట్టు మీద మనవాళ్ళు నెగ్గినట్టు లెక్క. "ఆ కప్పు మీద మంచు పేరు చెక్కాలి, వీడి పేరు కాదు," అనేది ఆర్లిస్. ఆ రోజు స్టోవర్ ఖాళీ మైదానం వైపు తిరిగి గంటసేపు అరిచాడని, అలవాటు ప్రాణం మరి అని లవోన్ చెప్పేది.

ఆ పక్కన విన్స్ కార్డెల్. నున్నగా దువ్విన జుట్టు. ఈ ఫోటో దగ్గర మాత్రం ఆర్లిస్ ఏమీ అనేది కాదు. పళ్ళెం చెయ్యి మార్చుకుని ముందుకు పోయేది.

కార్డెల్ తర్వాత డేల్ ఫ్రాంప్టన్. "మనమంతా ఒకే కుటుంబం" అంటూ ప్రతి ఓటమి తర్వాత పిల్లల్ని వాటేసుకుని ఏడ్చేవాడు. ఆ కుటుంబం అట్లా ఏడుస్తుండగానే ఇల్లు అమ్మకానికి పెట్టి ఓహాయో వెళ్ళిపోయాడు. అవతల ఇంకో నలుగురో అయిదుగురో. ఒకడు ఏడాది తిరక్కుండానే కనబడలేదు. ఒకడి పెళ్ళాం సామాను పెట్టెలు విప్పనే లేదు, విప్పని పెట్టెలతోనే బండెక్కింది.

మరి కార్డెల్ దగ్గర నోరెందుకు కట్టుకునేదంటే, ఆర్లిస్ మొగుడు లాడీ కథ అక్కడ మొదలవుతుంది.

లాడీ కుబిచెక్ ధాన్యం గోదాములో లారీ తోలేవాడు. శనివారాలు జట్టు బస్సు తోలేవాడు. ఆట జరిగినంతసేపూ బస్సు మెట్టు మీద కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు నములుతూ చూసేవాడు. ఒక ఏడు, కోతలు మంచి ఊపు మీదున్న రోజుల్లో, కార్డెల్‌కి పెద్ద కాలేజీలో ఏదో తోక ఉద్యోగం దొరికింది. అక్కడి కోచ్‌కి సాయం చేసేవాడికి సాయం చెయ్యడం. సగం ఆటలు ఇంకా మిగిలుండగానే పోయాడు. పోతూ పోతూ ఈల కూడా పట్టుకుపోయాడు.

కాలేజీ పెద్దలు మిగతా ఆటలు వదిలేద్దామనుకున్నారు. ఆ సంగతి పిల్లలకి చెప్పాలని ఎవరికీ తోచలేదు. శనివారం పిల్లలు సంచులు సర్దుకుని బస్సు దగ్గర నిలబడ్డారు. లాడీ అటు చూశాడు, ఇటు చూశాడు. పెద్దమనిషన్నవాడు ఒక్కడూ రాలేదు.

"ఎక్కండ్రా, పోదాం," అన్నాడు.

అంతే. ఆ ఏడాది మిగిలిన సగానికీ ఆయనే కోచ్. ఈల లేదు కాబట్టి సాధన వేళకి బస్సు హారన్ కొట్టేవాడు. ఒకటి కొడితే రావడం, రెండు కొడితే పరిగెత్తడం, గట్టిగా నొక్కి పట్టుకుంటే ఇంటికి పోయి అన్నం తినడం. పొద్దుగూకితే బస్సు దీపాలు మైదానం మీదికి తిప్పేవాడు. ఒక్క ఆట కూడా గెలవలేదు. గెలుస్తామని ఆయనా చెప్పలేదు, పిల్లలూ అడగలేదు. కానీ జట్టులోంచి ఒక్కడు కూడా మానుకోలేదు. దెబ్బ తగిలినవాణ్ణి మళ్ళీ ఆటలోకి తోలమని ప్రేక్షకులు ఎంత గోలపెట్టినా లాడీ తోలలేదు.

మరుసటేడు ఫ్రాంప్టన్ వచ్చాడు. లాడీ మళ్ళీ బస్సు మెట్టు మీద కూర్చున్నాడు.

ప్లమ్ ఫోర్క్‌లో ఒక అలవాటుంది. ఒకసారి కోచ్ అయినవాణ్ణి చచ్చేదాకా కోచ్ అనే పిలుస్తారు. మంగలి షాపులో, చర్చిలో, పెట్రోలు బంకులో, అంతటా అదే పిలుపు. పారిపోయిన కార్డెల్ కూడా ఒకసారి చుట్టపుచూపుగా వస్తే "ఏం కోచ్, బాగున్నావా?" అని లేచి చెయ్యిచ్చారు. లాడీని మాత్రం "లాడీ, బస్సు ఎన్నింటికి?" అనేవారు. కాలేజీ వాళ్ళు ఆ సగం ఏడాదికీ తాత్కాలికం అని పేరు పెట్టారు, ఊరు అదే పట్టుకుంది.

లాడీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఒక్కసారి మాత్రం ఆర్లిస్ చూసింది. ఇద్దరూ తపాలా ఆఫీసు ముందు నడుస్తున్నారు. వెనకనించి ఎవరో "కోచ్!" అని కేకేశారు. లాడీ ఠక్కున తల తిప్పాడు. పిలిచింది ఆయన్ని కాదు, అవతలి కాలిబాట మీద పోతున్న ఫ్రాంప్టన్‌ని. లాడీ వంగి, ఊడని బూటు తాడు ఊడదీసి మళ్ళీ కట్టుకున్నాడు. ఆర్లిస్ ఏమీ చూడనట్టు కిటికీలో తపాలా బిళ్ళలు చూస్తూ నిలబడింది. ఆయన పోయి ఇన్నేళ్ళయినా ఆ తల తిప్పడం ఆమె కళ్ళముందు నించి పోలేదు.

జట్టు పుట్టి నూరేళ్ళని ఈ శరదృతువులో కాలేజీ పండగ పెట్టుకుంది. జార్జియా నించి కొత్తగా వచ్చిన క్రీడల డైరెక్టరు ప్రెస్టన్ గేల్ నడవ గోడకి రంగు వేయించి, ఫోటోలకి కొత్త చట్రాలు కట్టించి, కింద ఇత్తడి పలకల మీద పేర్లూ ఏళ్ళూ చెక్కించాడు. కార్డెల్ పలక మీద ఏడాది మొత్తం ఉంది. ఈలతో పాటు లాడీ ఆటలు కూడా వాడే పట్టుకుపోయినట్టయింది.

ఆర్లిస్ పళ్ళెం కిందపెట్టి డైరెక్టరు గదికి వెళ్ళింది.

"తాత్కాలికం వాళ్ళని గోడమీద పెట్టే పద్ధతి లేదమ్మా," అన్నాడు గేల్. ప్రతి మాటకీ అమ్మా అనే మనిషి. "పైగా ఒక్క గెలుపు కూడా లేదు కదమ్మా."

"రెవరెండ్ పింక్నీకి ఎన్నున్నాయి నాయనా?"

"ఆయన వ్యవస్థాపకులమ్మా."

"ఫ్రాంప్టన్‌కి?"

గేల్ కాగితాలు సర్దుకున్నాడు. "నిబంధన నిబంధనే కదమ్మా."

"సరే," అంది ఆర్లిస్. "నా బన్నులు కూడా తాత్కాలికమే. ఇవాళ్టితో సరి."

గేల్ నవ్వాడు. తర్వాత భార్యకి ఫోను చేసి ఎవరో ముసలావిడ బన్నులు మానేసిందని చెప్పి మళ్ళీ నవ్వాడట. ఇక్కడివాడైతే నవ్వేవాడు కాదు. నెబ్రాస్కాలో చిల్లీ పక్కన దాల్చినచెక్క బన్ను ఉండి తీరాలి. బడిలో మధ్యాహ్నం భోజనానికి అదే పెడతారు, చర్చి విందుకీ అదే, ఆటకీ అదే. కారం ఒక ముద్ద, తీపి ఒక ముద్ద. ఇదేం జతరా అని అడిగేవాళ్ళని ఇక్కడ వింతగా చూస్తారు. గేల్ బన్నుల బదులు ఉప్పు బిస్కట్లు తెప్పించి, అవి ఆరోగ్యానికి మంచివని మైకులో చెప్పించాడు.

నూరేళ్ళ పండక్కి పాత విద్యార్థులొచ్చిన శనివారం కొట్టు ముందు వరస మైదానం గేటు దాకా సాగింది. గిన్నె చేతికొచ్చాక ఒక్కొక్కళ్ళూ అక్కడే ఆగిపోతున్నారు.

"బన్నేది?"

"లేదు," అంది లవోన్, పళ్ళెం తుడుస్తూ.

"లేకపోవడమేంటి?"

"తాత్కాలికంగా లేదు."

"ఆర్లిస్‌కి ఒంట్లో బాగాలేదా?"

"ఒళ్ళు బాగానే ఉంది. గోడే బాగాలేదు. డైరెక్టరు గారిని అడగండి."

అడిగారు. గిన్నెలు పట్టుకుని వెళ్ళి మరీ అడిగారు. కాలేజీ అధ్యక్షుడు సైతం చిల్లీలో ఉప్పు బిస్కట్టు ముంచి, కొరికి, దాని వంకే చూస్తూ నిలబడ్డాడు. ఆట సగం గడిచేసరికి కొంగలు ఎప్పట్లాగే చిత్తుగా ఓడుతున్నారు. ఆ సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు.

గేల్ చెమట తుడుచుకుంటూ కొట్టు వెనక్కి వచ్చాడు. ఆర్లిస్ బోర్లించిన బకెట్ మీద కూర్చుని ఎండ కాచుకుంటోంది.

"సరేనమ్మా. ఒక ఫోటో ఇవ్వండి. పెట్టిస్తాను."

ఆర్లిస్ చేతిసంచిలోంచి అప్పటికే చట్రం కట్టించి ఉన్న ఫోటో తీసింది. మైదానంలో లాడీ ఉన్న ఫోటో అదొక్కటే. దెబ్బ తగిలిన పిల్లాడి మీదికి వంగి ఉన్నాడు. కనబడేదల్లా వీపు. గోదాము వాళ్ళిచ్చిన పాత కోటు, దాని వెనక మొక్కజొన్న కంకి బొమ్మ. పైన స్కోరు బోర్డు, అందులో మన గడిలో పెద్ద సున్నా.

గేల్ దాన్ని అటూ ఇటూ తిప్పాడు. "ముఖం లేదు కదమ్మా."

"లేదు."

"గోడ మీద అందరివీ ముఖాలే కదా. వీపు ఎలా పెట్టను?"

"నాయనా," అంది ఆర్లిస్, బకెట్ మీదనించి లేవకుండానే. "మీ గోడమీద నవ్వుతున్నవాళ్ళలో ఆ మీసాలాయన్నీ స్టోవర్నీ వదిలేస్తే, మిగతా అందరి వీపులూ చూశాన్నేను. ఊరు దాటిపోయేటప్పుడు చూశాను. ఈయన వీపు మాత్రం ఎటూ పోలేదు. పెడితే పెట్టు. లేకపోతే పోయి నీ బిస్కట్లు పంచుకో."

గేల్ గేటు వైపు చూశాడు. అధ్యక్షుడు గిన్నె పట్టుకుని ఇటే వస్తున్నాడు. గేల్ ఫోటో చంకలో పెట్టుకుని సుత్తి వెతుక్కుంటూ పోయాడు.

మేకు దిగిన చప్పుడు విన్నాకే ఆర్లిస్ తన కారు డిక్కీ తెరిచింది. తెల్లవారుజామున చేసినవే. దుప్పట్లో చుట్టి పెట్టడం వల్ల ఇంకా వెచ్చగానే ఉన్నాయి.

"దొంగముండా, పొద్దుట్నించీ నాక్కూడా చెప్పలేదు!" అంది లవోన్.

"చెబితే నీ మొహంలో కనిపించేది."

ఆట అయ్యాక జనం నడవలోకి వచ్చారు. కార్డెల్‌కీ ఫ్రాంప్టన్‌కీ మధ్య ఇరికించిన కొత్త చట్రం ముందు ఒక లావుపాటి రైతు ఆగాడు. మెర్ల్ ఓట్‌మన్. మోకాలు ఒకటి పనిచెయ్యదు. చేతిలో సగం తిన్న బన్ను. లాడీ బస్సెక్కమన్న పిల్లల్లో ఒకడు. ఫోటోలో కింద పడున్నవాడూ వీడే.

కింద ఇత్తడి పలక ఇంకా లేదు. పేరు లేదు, ఏడాది లేదు, ముఖం లేదు. మెర్ల్‌కి అవేవీ అక్కర్లేకపోయాయి.

"కోచ్!" అన్నాడు గట్టిగా, నోట్లో బన్నుతోనే.

గోడ పక్కనే ఉన్న ఆర్లిస్ ఫోటోలోని వీపు వైపు చూసింది.

నడవ చివర, ఈ ఏడాదే చేరిన కోచ్ ఠక్కున తల తిప్పాడు. ఆటలో సహాయకుడితో మాట్లాడే ఫోను ఇంకా చెవులకి తగిలించుకునే ఉన్నాడు. దాని అవతలి కొసన మాట్లాడవలసినవాడు కిందటి నెలే ఉద్యోగం మానేసి పోయాడని ఊరందరికీ తెలుసు. అయినా ప్రతి ఆటలోనూ ఈయన దాంట్లో మాట్లాడుతూనే ఉంటాడు.

"నన్నేనా?" అన్నాడు.

"నిన్ను కాదు," అన్నాడు మెర్ల్, వెనక్కి తిరగకుండానే.

"నిన్ను కాదులే బాబూ," అంది ఆర్లిస్. "నీకు బన్ను కావాలంటే బయట వరసలో నిలబడు."