పగిడయ్య చెప్పిన వేళ్ల పేర్లు

పెనుబల్లి దగ్గరి పామాయిల్ తోటలో గెలలు మాయమవుతున్నాయని, తోట యజమాని వెంకటకృష్ణ తన కూలీ పగిడయ్యను పట్టుకున్నాడు. అడగడం, వినడం ఏమీ లేదు. ఇద్దరు మనుషులు పగిడయ్య కుడిచేతిని మొద్దు మీద అదిమిపెట్టారు. గెలలు కోసే కొడవలితోనే వెంకటకృష్ణ చిటికెనవేలు, ఉంగరపువేలు తెగ్గొట్టాడు. పనిలో కొడవలి జారిందని పెద్దమనుషులు అందరి చేతా చెప్పించారు. పగిడయ్య చేత కూడా.

పగిడయ్య కూతురు యశోద అప్పుడు నిండు చూలాలు. పుట్టిన పిల్ల భాను తాత ఒళ్లోనే పెరిగింది. వాళ్లింట్లో వేళ్ల ఆటకు ఒక పద్ధతుంది. పెద్దవాళ్లు చిటికెనవేలితో మొదలుపెట్టి, పిల్ల ఒక్కో వేలికి తమ చేతి అదే వేలు ఆనించి పేరు చెప్పాలి: బుడ్డోడు, పెండ్లికొడుకు, పొడుగుమామ, చాడీలోడు, పొట్టితాత. ఎడమచేత్తో ఆడిస్తే కీడంటారు.

“తాతా, నీ బుడ్డోడేడి?”

“అడవికి పోయిండు.”

“పెండ్లికొడుకు?”

“ఆని ఎంబడే పోయిండు. ఒక్కణ్ని ఎట్ల పంపుతనే?”

యశోదకు నవ్వు వచ్చేది కాదు. ఆ మొద్దు, ఆ నెత్తురు పిల్లకు తెలియకూడదన్నది ఒక్కటే తండ్రి కోరికని ఆమెకు తెలుసు. అందుకే ఆయన తోట వైపు నడవడమే మానేశాడు.

మొన్న ఎండాకాలం తాత, మనవరాలు నిలబడ్డ కిరాణాకొట్టు ముందు వెంకటకృష్ణ బండి ఆపాడు. భానును దగ్గరికి లాక్కుని చిటికెనవేలు పట్టుకున్నాడు.

“ఏం పగిడిగా, నీ మనవరాలా? ఇది గూడ దొంగవేలేనా? కోద్దామా?”

“ఇడువు బాబూ. పసిపిల్ల.”

“మీ తాత వేళ్లు కోసింది నేనే పిల్లా. చెప్పలేదా?”

యశోద ఇంట్లోంచి పరుగెత్తుకొచ్చేలోపే పగిడయ్య అతణ్ని బండి మీంచి ఈడ్చి నేలకేసి కొట్టాడు. రొమ్ము మీద మోకాలు వేసి, చిటికెనవేలు వెనక్కి విరిచాడు. ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడు.

“బుడ్డోడు” అన్నాడు.

రెండోది విరిచి, “పెండ్లికొడుకు” అన్నాడు. వెంకటకృష్ణ అరుపు వీధి చివరి దాకా వినిపించింది. చుట్టూ చేరినవాళ్లెవరూ ఆపలేదు. ఆ రోజు మొద్దు దగ్గర కూడా వీళ్లే నిలబడి చూశారు. మూడో వేలు విరిగాక పగిడయ్యకు ఊపిరందక మాట రాలేదు. భాను చప్పట్లు కొట్టి అందించింది.

“పొడుగుమామ.”

ఆయన పట్టు వదిలేశాడు.

జైలు ములాఖత్‌కు యశోద ఒక్కసారి పిల్లను తీసుకెళ్లింది. భాను జాలీకి మొహం ఆనించి నవ్వింది.

“తాతా, మిగిలినయి ఎప్పుడిరుస్తవ్?”

పగిడయ్య జాలీ దగ్గర్నుంచి వెనక్కి జరిగాడు. తర్వాత కూతురితో మెల్లగా అన్నాడు.

“ఇగ దీన్ని తీస్కరాకు బిడ్డా. నన్ను జూసి భయపడాల్సింది, నవ్వుతాంది.”