పది అడుగుల దూరంలో స్కానింగ్ మెషిన్

నేను ప్రయాణాలు రాసేది సరదా కోసం. ఇది సరదాకి చేసింది కాదు. మఠంపల్లిలో మా అన్న కుడిచెయ్యి పొద్దున్నే మోటారు బెల్టులో పడింది. రెండు వేళ్లకు రక్తం సరిగ్గా అందడం లేదు. ఏళ్ల తరబడి రాతి పనిలో ఊపిరితిత్తులు పాడైన మనిషి, పూర్తి మత్తు ఇస్తే తట్టుకోలేడు. చెయ్యి వరకే మత్తు ఇవ్వాలి, అదీ తొందరగా.

ఏడింటికి నాలుగు వేల కిరాయికి కారు మాట్లాడుకున్నాం. మా వైపు దవాఖాన అంటే అందరికీ కోదాడ, సూర్యాపేట ఉన్న హైవేనే గుర్తొస్తుంది. హుజూర్‌నగర్ మీదుగా ఎనిమిదింటికి కోదాడ చేరాం. మత్తు డాక్టరు లేరన్న మాట చెప్పడానికి పదింటిదాకా కూర్చోబెట్టారు. "సూర్యాపేటల అన్నీ ఉంటయన్నా, గాడికే పోదాం" అన్నాడు డ్రైవర్. నేనూ సరేనన్నాను.

పదకొండింటికి సూర్యాపేట. మత్తు డాక్టరమ్మ ఉన్నారు, స్కానింగ్ మెషిన్ కూడా ఉంది. స్కానింగ్‌లో నరాలను చూస్తూ చంక దగ్గర సూది వేస్తే చెయ్యి ఒక్కటే మొద్దుబారుతుంది, ఊపిరికి ఇబ్బంది ఉండదని ఆమె చెప్పారు. అయితే ఆ మెషిన్ గర్భిణుల స్కానింగ్ గదిలో ఉంది. ఆపరేషన్ థియేటర్ అక్కడికి పది అడుగుల దూరం.

"ఇటు జరపరాదా మేడం?"

"చట్టం ప్రకారం అది ఆ గదికే రిజిస్టరైంది. గడప దాటిస్తే సీజ్ చేస్తరు. ఆ గదిలనేమో మత్తు ఇయ్యరాదు, ఏమన్న అయితే ఆక్సిజన్ ఉండదు. చూడకుండ పొడిస్తే మందు రక్తంల కలవొచ్చు. మిర్యాలగూడల థియేటర్లనే ఉంది, పోండి."

నేను వినలేదు. ఒంటిగంట దాకా ఆ గది ముందు బెంచీ మీదే కూర్చుని యాజమాన్యాన్ని బతిమాలాను. కడుపులో బిడ్డ ఆడో మగో చూడకూడదని పెట్టిన చట్టమది. యాభై ఎనిమిదేళ్ల మా అన్న చేతిలో ఏ బిడ్డను వెతుకుతారు? ఒళ్లు మండిపోయింది. కానీ ఆ చట్టం ఊరికే రాలేదు. ఆడపిల్ల అని తెలిసి కడుపు తీయించుకున్న ఇళ్లు మా వీధిలోనే ఉన్నాయి. వాళ్ల ఇళ్లలో విందులు నేనూ తిన్నాను.

మిర్యాలగూడ చేరేసరికి రెండు దాటింది. ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ అన్న మెలకువగానే ఉన్నాడట. తెర మీద తన నరాలు తేనెపట్టు ముక్కల్లా కనిపించాయని, కాసేపటికి చెయ్యి తనది కానట్టయిందని చెప్పాడు. చెయ్యి నిలిచింది. ఆ రెండు వేళ్లూ తీసేశారు. "పొద్దున్నే వస్తే చూసేటోళ్లం" అన్నారు డాక్టరు.

హుజూర్‌నగర్ నుంచి మిర్యాలగూడకు గంట చాలు. ఆ మలుపు దాటుకునే మేం కోదాడ పోయాం. మీరు బయలుదేరే ముందే ఫోన్ చేసి రెండు సంగతులు అడగండి: చేతికి మాత్రమే మత్తిచ్చే డాక్టరు ఈ రోజు ఉన్నారా, స్కానింగ్ మెషిన్ థియేటర్‌లోనే ఉందా. నేను ఆ ఫోన్ చేయలేదు. అన్న నన్ను తప్పు పట్టలేదు. కట్టు వైపు చూసుకుంటూ ఒక్కటే అన్నాడు.

"ఆ రూము తలుపు కాడనే కూసున్నం గదరా, రెండు గంటలు."