పక్కకు జరిగిన జాడీ

రెండువేల సంవత్సరం ప్రాంతంలో, ఎమ్మెస్సీ చదివే రోజుల్లో, చీరాలలో గుంటూరు ప్యాసింజరు ఎక్కాను. ఒళ్ళో అట్టపెట్టె. పక్కనున్న పెద్దావిడ మా ఇద్దరి మధ్యా పండుమిరప పచ్చడి జాడీ పెట్టుకుంది.

"స్వీట్లా అమ్మాయ్?" అంది పెట్టె చూసి.

"కాదండి, బూజు. చదువు కోసం పెంచుతున్నాను."

ఆవిడ జాడీ ఎత్తి అవతలి పక్కన పెట్టుకుంది. "తడిచేత్తో జాడీ ముట్టుకుంటేనే ఊరుకోం మేము. నువ్వు పనిగట్టుకుని పెంచుతున్నావా తల్లీ?"

నవ్వాపుకోలేక, టేపు వేసి మూసిన గాజుపళ్ళెం ఒకటి తీసి కిటికీ వెలుగులో పట్టాను. పళ్ళెమంతా నల్లటి బూజు. నడుమ చిన్న కాగితం బిళ్ళ, దాని చుట్టూ మాత్రం గుండ్రంగా ఖాళీ. అది ఆ ఉదయమే కనిపించింది నాకు. ఎవరికీ చెప్పుకోలేక గింజుకుంటున్నాను.

"ఇక్కడికి రాలేదేం?"

"ఆ కాగితానికి వావిలాకు రసం పట్టించానండి."

"బాలింతలకు నీళ్ళు కాచే వావిలాకా?"

అవునన్నాను. పళ్ళెం నా చేతిలోంచి తీసుకుని ఎదుటి సీటు వాళ్ళకు చూపించింది. "చూడండి, మన వావిలాకు బూజుని దగ్గరికి రానివ్వలా." తనే పెంచినంత సంబరంగా చెబుతుంటే, రైలుపెట్టెలో అందరూ మెడలు చాచి చూశారు.

మర్నాడు మా మాస్టారు ఆ ఖాళీని స్కేలుతో కొలిచి, ఫలితం బాగుందన్నారు. నాకా సంగతి ముందురోజే తెలుసు. తెనాలి దాటేసరికే పచ్చడి జాడీ మా మధ్యకు తిరిగొచ్చి, నా అట్టపెట్టెకు ఆనుకుని కూర్చుంది.