గ్రిజెల్ కోరిన చోటు

వేసవి ఆదివారాల్లో వాటిల్ గల్లీ ఊరు ఊరంతా సమాధుల తోటకు షికారుకొచ్చేది. పోయినవాళ్ళను చూడ్డానికి వచ్చేవాళ్ళు కొందరైతే, ఎవరు ఎవరితో వచ్చారో చూడ్డానికి వచ్చేవాళ్ళు అంతకు నాలుగింతలు. తోటమాలి జేబెజ్ ట్రెంబాత్ మాత్రం గొడుగులు చూడ్డానికి వచ్చేవాడు. ఆదివారం కత్తెర పట్టడం వెస్లియన్ సంఘంవాళ్ళకు పాపం కనుక, చేతులు వెనక్కి కట్టుకుని, రాళ్ళ మీది పేర్లు చదువుతున్నట్టు గేటు దగ్గర నిలబడేవాడు. ఆడవాళ్ళ గొడుగులు గేటు దాటాక తన వైపు ఎన్ని తిరిగాయి, పక్క తోటమాలి మ్యూర్ గుట్ట వైపు ఎన్ని ఎక్కాయి అన్నదే అతని లెక్క. అయిదేళ్ళుగా ఆ లెక్క అతనికి అన్నం సహించనివ్వడం లేదు.

ఆ తోటలో ఏ క్రైస్తవ సంఘానికి ఆ సంఘం వాటా ఉండేది. గేటు పక్క చదును నేల వెస్లియన్లది. బంగారం తవ్వుకుందామని కార్న్‌వాల్ నుంచి సముద్రాలు దాటి వచ్చి, చివరికి చేతిలో పార తప్ప మరేమీ మిగలని జేబెజ్, ఇరవై రెండేళ్ళ కిందట ఆ నేలలో తాడు లాగి, మేకులు కొట్టి, బాటలు తీశాడు. శవపేటిక బండి ఎక్కడా వెనక్కి నడపకుండా తిరిగి వచ్చేలా మూలలు వదిలాడు. సైప్రస్ చెట్లను సైనికుల్లా నిలబెట్టాడు. దాని అవతలి గుట్ట ప్రెస్బిటేరియన్లది. అదంతా ముళ్ళపొదగా ఉన్నంతకాలం జేబెజ్‌కు దాని మీద చాలా జాలి ఉండేది. స్కాట్లండ్ నుంచి లాక్లన్ మ్యూర్ వచ్చి, గుట్ట చుట్టూ వంపులు తిరిగే బాటలు వేసి, కొమ్మలు నేలకు వాలే ఎల్మ్ చెట్టు నాటి, దాని కింద కూర్చోడానికి బల్ల వేశాక ఆ జాలి కాస్తా పోయింది.

"తాగినవాడు నడిచినట్టుంది ఆ బాట," అనేవాడు జేబెజ్ అడిగినవాళ్ళతోనూ, అడగనివాళ్ళతోనూ.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం టీ తాగుతూ అతని భార్య గ్రిజెల్ కప్పు కింద పెట్టింది. ఆమె గుండె, ఆ దేశంలో జూన్‌లో వచ్చే చలికాలం దాటదని డాక్టర్ అప్పటికే చెప్పాడు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ దాని గురించి మాట్లాడరు.

"నేను పోయాక నన్ను మ్యూర్ గుట్ట మీద పెట్టించు," అంది.

"ఎక్కడా?"

"వినపడిందిగా."

జేబెజ్ తన వైపు ఏడో వరసలో, పెద్ద సైప్రస్ పక్కన, ఇద్దరికీ సరిపడా చోటు పదకొండేళ్ళుగా అట్టిపెట్టాడు. ఊళ్ళో పెద్ద కొట్టున్న పాస్కో గారంతటి ఆయన అడిగినా ఇవ్వలేదు.

"మన చోటేమైంది?"

"ఏమీ కాలేదు, నిక్షేపంలా ఉంది. నేను పుట్టింది ప్రెస్బిటేరియన్ల ఇంట్లో. నిన్ను కట్టుకుని నీ గుడికొచ్చాను. పోయాక పుట్టింటికి పోతానంటే తప్పా?"

"పుట్టింటికి పోతే పోవే. ఆ ఇంటి తోటమాలి మ్యూర్ కాకపోతే నేనే బండి కట్టి పంపేవాణ్ణి. అసలు అక్కడేముందని?"

"అక్కడ బావుంటుంది," అంది.

ఇరవై రెండేళ్ళలో తన వాటా గురించి ఆమె నోట ఆ మాట అతను వినలేదు. శుభ్రంగా ఉందంది, వరసగా ఉందంది. బావుంటుందని మాత్రం అనలేదు. ఆ ఒక్క మాట చెప్పులో రాయిలా అతనితోపాటే తిరిగింది.

ఆ ఏడు వానలు లేవు. తోట మొత్తానికీ పైనున్న చెరువు నుంచి ఒకటే కాలువ. సోమ, గురువారాలు వెస్లియన్ల వంతు, మంగళ, శుక్రవారాలు ప్రెస్బిటేరియన్ల వంతు, మిగతా రోజులు మిగతావాళ్ళవి. పొద్దున్నే తూము పలక ఎత్తి నీళ్ళు ఎవరి వైపు మళ్ళించాలో ఆ వైపు మళ్ళించడం పాతకాపుగా జేబెజ్ పని. ఆ నమ్మకం మీదే ఎవరూ కాలువ దగ్గర కాపలా కాసేవాళ్ళు కాదు.

ఒక మంగళవారం అతను పలక మార్చడం గంట ఆలస్యం చేశాడు. శుక్రవారం రెండు గంటలు. ఆ పై వారం మధ్యాహ్నం దాకా మార్చనేలేదు. తన రోజాలు కళకళలాడాయి. గుట్ట మీద వయొలెట్ పూల మొక్కలు పసుపెక్కాయి, ఎల్మ్ ఆకులు ఆకురాలే మార్చి నెల రాకముందే రాలసాగాయి. తర్వాతి ఆదివారం ఏడు గొడుగులు ఎక్కువగా అతని వైపు తిరిగాయి. ఆ రాత్రి అతనికి అన్నం బాగానే సహించింది, నిద్ర మాత్రం పట్టలేదు.

గ్రిజెల్ రోజూ చేతికర్ర పట్టుకుని నెమ్మదిగా గుట్ట ఎక్కి వచ్చేది. ఒక బుధవారం తిరిగొచ్చి, బోనెట్ టోపీ తీయకుండానే అతని ఎదురుగా కూర్చుంది.

"గుట్టకు నీళ్ళు ఆపేస్తున్నావట."

"ఎవరన్నారు?"

"మ్యూర్ అన్నాడు."

"అంటే నువ్వూ అతనూ కూర్చుని కబుర్లాడుకుంటున్నారన్నమాట."

"ఆడుకుంటున్నాం. అరవైకి దగ్గరపడ్డదాన్ని, ఆయాసం తప్ప ఇంకేం మిగల్లేదు నాకు, ఇంకా నా గురించి ఈర్ష్య పడే మగాడున్నాడంటే మా అక్కలు నమ్మరు," అని నవ్వబోయి దగ్గింది. దగ్గు తగ్గాక మళ్ళీ అంది: "నేను పడుకోబోయే పక్కకు నీళ్ళు లేకుండా చేస్తున్నావయ్యా జేబెజ్."

అతను తల వంచుకునే అడిగాడు. "నా దాంట్లో ఏం తక్కువ? ఒక్కటి చెప్పు, సరిచేస్తాను."

"అదే. సరిచేస్తావు. నీ వైపు పడుకుంటే పొద్దున్నే వచ్చి కలుపు తీస్తావు, అంచులు కత్తిరిస్తావు, పక్క వరస చూసుకోడానికి పోతావు. ఇరవై ఆరేళ్ళ కాపురంలో నువ్వు నా పక్కన ఊరికే కూర్చున్నది లేదు. ఆదివారం కూడా గేటు దగ్గర నిలబడే ఉంటావు. అటు పడుకుంటే నీకు చేయడానికి పనుండదు. అప్పుడైనా కూర్చుంటావని."

మర్నాడు గురువారం, తన వంతు. జేబెజ్ పలక ఎత్తి నీళ్ళన్నీ గుట్ట వైపు వదిలి, వాటి వెంటే నడుచుకుంటూ పైకెళ్ళాడు. మ్యూర్ మోకాళ్ళ మీద కూర్చుని ఎండిన ఆకులు గిల్లుతున్నాడు.

"ఈరోజు నీ వంతు కదన్నా," అన్నాడు తల ఎత్తకుండానే.

"తెలుసు."

"నీళ్ళు ఇటొస్తున్నాయి."

"నాకూ కళ్ళున్నాయి." జేబెజ్ టోపీ తీశాడు. "నీ వంతు నేను కాజేశాను. మూడు వారాలు. పెద్దలకు ఎందుకు చెప్పలేదు?"

"చెబితే నిన్ను తీసేస్తారు. నువ్వు పోతే ఈ గుట్ట ఎవరి తోట కంటే బావుందని చెప్పుకోను?"

జేబెజ్‌కు అతన్ని కాలువలో ముంచాలనిపించింది. ముంచలేదు. "మా ఆవిడకు చోటు కావాలి," అన్నాడు.

"ఎల్మ్ కింద, బల్లకు ఎదురుగా. తనే చూసిపెట్టుకుంది. ఒక షరతు కూడా పెట్టింది."

"నాకు చెప్పకుండా నీకు పెట్టిందా? ఏమని?"

"నిన్ను పనిముట్టుతో లోపలికి రానివ్వొద్దని."

తనకు తెలియని మాట వాళ్ళిద్దరి మధ్య ఒకటుందని అతనికి అప్పుడు తెలిసింది. మూడు వారాల నీళ్ళ దొంగతనం కంటే ఆ మాట మింగడమే అతనికి కష్టమైంది. "సరే," అన్నాడు.

గ్రిజెల్ చలికాలం దాటింది, డాక్టర్ మాట అబద్ధం చేసి. సెప్టెంబర్‌లో వాటిల్ చెట్లు పసుపుపచ్చగా విరగబూసినప్పుడు పోయింది. కొట్టు పాస్కో గారు ఏడో వరసలో చోటు మళ్ళీ అడిగితే, జేబెజ్ చోట్ల పుస్తకం తీసి ఆయన పేరు రాసుకున్నాడు.

తర్వాతి ఆదివారం ఉత్త చేతులతో గుట్ట ఎక్కి బల్ల మీద కూర్చున్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. సమాధి అంచున గడ్డి ఒక వైపు అర అంగుళం పొడుగ్గా ఉంది. పీకలేదు. పక్కన వచ్చి కూర్చున్న ఒక వితంతువు, "మ్యూర్ ఎంత బాగా చూసుకుంటాడండీ," అంది.

"ఎల్మ్ కొమ్మలు కత్తిరించడం ఆలస్యం చేశాడు," అన్నాడు జేబెజ్. "మొన్న చలికాలంలోనే కొట్టాల్సింది."

ఆవిడ లేచి వెళ్ళిపోయినా అతను లేవలేదు. గేటు మూసే గంట కొట్టేదాకా అక్కడే కూర్చున్నాడు.