అద్దె కారు ముస్తాబు

ఎడ్మంటన్‌లో ఏ బేస్‌మెంటు తలుపు తట్టినా తెలుగు వినపడుతున్న రోజులవి. మన పిల్లలు విమానం దిగుతూనే ఉండేవారు, కాలేజీలు చేర్చుకుంటూనే ఉండేవి. మా బేస్‌మెంటులో నలుగురం ఆడపిల్లలం ఉండేవాళ్ళం. హైదరాబాదులో కొన్నాళ్ళు ఉద్యోగం చేసి, ఆ తర్వాత చదువుకోవడానికి వచ్చానేమో, అందరిలోకీ నేనే పెద్దదాన్ని. పూర్తి లైసెన్సు ఉన్నదీ, అద్దె కార్ల వాళ్ళు వయసు అడిగి మొహం చిట్లించకుండా తాళం ఇచ్చేదీ నాకొక్కదానికే. అందుకని ఎవరికి ప్రయాణం పడినా ముందు నా గది తలుపే కొట్టేవారు. అది నాకు నచ్చేది కూడా. డ్రైవింగ్ విషయంలో నాకు కొంచెం టెక్కు ఎక్కువే, ఇప్పటికీ తగ్గలేదు.

ఆ చలికాలం మా నలుగురిలో ఒకమ్మాయికి కొండల అవతల, కామ్లూప్స్‌లో, ఒక ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగం వచ్చింది. అనంతపురం పిల్ల. చదివిన చదువుకు తగిన ఉద్యోగం మాలో మొదట దొరికింది తనకే. మిగతా ముగ్గురం ఇంకా కాఫీ షాపుల్లో కప్పులు అందిస్తున్నాం. సోమవారం చేరాలి, లేకపోతే ఇంకొకరిని తీసుకుంటారు. బస్సులు ఆ రోజులకు కుదరలేదు, విమానంలో సీట్లు లేవు. కారులో అయితే జాస్పర్‌లో ఒక రాత్రి ఆగి రెండు పగళ్ళలో వెళ్ళిపోవచ్చు. కానీ తను కారెక్కనంటోంది.

అంతకు కొన్ని వారాల ముందు, తెలిసినబ్బాయి కారులో కాల్గరీ నుంచి వస్తుండగా, ఆ కారు మంచు మీద జారి రోడ్డు పక్క పల్లంలోకి పోయింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. దాని గురించి తను మాతో పెద్దగా మాట్లాడలేదు గానీ, ఆ తర్వాత ఎవరి కారూ ఎక్కలేదు. సరుకులు కూడా రెండు చేతుల్లో సంచులు పట్టుకుని బస్సులోనే తెచ్చుకునేది. ఉద్యోగం వద్దని వాళ్ళకు రాసేస్తానన్న రోజున నాకు ఒళ్ళు మండింది. చదివిందంతా మంచులో పారబోస్తావా అని అరిచాను. చివరికి తను ఒప్పుకుంది.

"వస్తా అక్కా. కానీ 'ఏం కాదు' అని మాత్రం నాతో అనొద్దు. ఆ అబ్బాయి అట్లే అన్నాడు."

అది నా ఊతపదం. పరీక్షలైనా, వీసా అయినా, ఇంటి ఓనరుతో గొడవైనా ఆ మాటతోనే అందరినీ నెట్టుకొచ్చాను. అది లేకుండా ధైర్యం ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. నోటితో కాకపోతే చేతలతో చెబుదాం అనుకున్నాను.

శుక్రవారం ఇద్దరం అద్దె కార్ల ఆఫీసుకు వెళ్ళాం. కౌంటరులో ఉన్నాయన మర్యాదగా తాళం చేతిలో పెట్టాడు. బయటికొచ్చి టైరు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని చూస్తే, ఆల్ సీజన్ అని ఉంది. నాకు కావాల్సింది అది కాదు. మూడు శిఖరాల కొండ, దాని మధ్యలో ఒక మంచు రేకు, ఆ గుర్తు ఉన్న చలికాలం టైర్లయితేనే కొండ దారిలో నాకు నిశ్చింత. లోపలికి వెళ్ళి అడిగాను. ఆల్ సీజన్ అంటే అన్ని కాలాలకూ పనికొస్తుందనేగా అన్నాడాయన. మా పంచాంగంలో ఆరు ఋతువులున్నాయి, మీ ఊళ్ళో చూస్తే ఒకటే కనిపిస్తోంది, ఆ ఒక్కదానికే ఇది చాలదు అన్నాను. ఆయనకు పంచాంగం సంగతి అర్థమయిందో లేదో గానీ, నేను అక్కణ్ణుంచి కదలనని మాత్రం అర్థమైంది. సాయంత్రానికి తిరిగొచ్చే కార్లలో ఒకదానికి అలాంటి టైర్లున్నాయని చెప్పి, కుర్చీలు చూపించాడు. కూర్చున్నాం.

ఆ కారు రాగానే నేను ముందు టైర్లు రెండూ చూసి సరే అనేశాను. తను వెనక్కి కూడా వెళ్ళి, చేతి తొడుగుతో మంచు తుడిచి, నాలుగింటి మీదా కొండ బొమ్మ ఉందని చూసుకుని వచ్చింది. ల్యాబు పిల్లవనిపించుకున్నావని ఆటపట్టించాను. తను నవ్వలేదు.

అక్కణ్ణుంచి మొదలైంది కారు ముస్తాబు. అద్దం కడిగే నీళ్ళ సంగతి ముందు చూశాను. మన దగ్గరైతే కుళాయి నీళ్ళు పోసేస్తాం. ఇక్కడ అవి పైపులోనే గడ్డకడతాయి, లారీలు చిమ్మిన బురద అద్దం నిండా పట్టేస్తుంది, ఇక దారే కనపడదు. గడ్డకట్టని రకం కొని, లోపల ఉన్నదంతా చిమ్మించేసి, కొత్తది నింపాను. చిన్న పార, దుప్పట్లు, బ్యాటరీ వైర్లు డిక్కీలోకి చేరాయి. మంచులో ఇరుక్కుంటే టైరు కింద చల్లడానికి, పెంపుడు పిల్లుల కోసం అమ్మే మట్టి ఒక సంచీ తీసుకున్నాను. బిల్లు వేసే అమ్మాయి మీ పిల్లి పేరేమిటని ముద్దుగా అడిగింది. పిల్లి లేదు, కారుకే అన్నాను. ఆ అమ్మాయి మొహం చూసి మా పిల్ల నవ్వింది. ఆ వారంలో తను నవ్వడం అదే మొదలు.

ఇంజను వెచ్చగా ఉండడానికి కారు ముందు నుంచి వేలాడే వైరును రాత్రి గోడ ప్లగ్గుకు పెట్టాం. ఇక్కడ కార్లకు కూడా ఫోన్లలాగే వైరు తగిలించి పడుకుంటారని మా అమ్మకు చెబితే నమ్మలేదు. మిగతా ఇద్దరూ పులిహోర కలిపి ఇచ్చారు. డిక్కీలో పెడితే రాయైపోతుందని, వెనక సీట్లో బెల్టు పెట్టి మరీ కూర్చోబెట్టాం.

శనివారం బయల్దేరాం. జాస్పర్ దాకా దారంతా తను అడుగుతూనే ఉంది. జారితే ఏం చేస్తావు, ఎదురుగా లారీ వస్తే ఏం చేస్తావు అని. జారితే బ్రేకు మీద కాలు వేయనని, వెళ్ళాల్సిన వైపే చూస్తూ స్టీరింగు నెమ్మదిగా తిప్పుతానని చెప్పాను. ఏది అడిగినా నా దగ్గర జవాబుంది. తను తలూపేది. చెయ్యి మాత్రం తలుపు పిడిని వదల్లేదు. ఇంత చేసినా నా మీద నమ్మకం కుదరదేమని లోపల ఉక్రోషంగా ఉండేది. ఇలా బిగుసుకుపోయి చేరిన మనిషి, ఆ కొత్త ఊళ్ళో ఒంటరిగా ఉద్యోగం చేస్తుందా, లేక నాతోనే తిరుగు ప్రయాణం కడుతుందా అని బెంగ కూడా పట్టుకుంది.

ఆదివారం జాస్పర్ దాటాం. ఎండ కాస్తోంది. రోడ్డు పొడిగా, నల్లగా ఉంది. రెండు పక్కలా కొండలు తెల్లగా మెరుస్తున్నాయి. ఇంత మంచి దారి మళ్ళీ దొరకదనుకుంటూ ఉత్సాహంగా పోతున్నాను.

"అక్కా, ఆపు," అంది తను.

ముందు ఏమీ లేదు, వెనక ఏమీ లేదు. ఎందుకని నోటిదాకా వచ్చింది. కానీ తన గొంతు విన్నాక అడగాలనిపించలేదు. అద్దంలో చూసుకుని, ఇండికేటర్ వేసి, వేగం తగ్గించి, బండ్లు ఆగడానికి మంచు తీసి ఉంచిన చోట పక్కకు తీసి ఆపాను. కడుపులో తిప్పుతోందేమో అనుకున్నాను. తను తలుపు తీయలేదు. ఏమైందని అడిగాను.

"ఏమీ లేదక్కా. ఆపుతావా ల్యాదా చూద్దామని."

ఇంకొకప్పుడైతే నాకు చిర్రెత్తుకొచ్చేది. తను నా వైపు చూడకుండా, అద్దంలోంచి బయటికి చూస్తూ చెప్పింది.

"ఆ పొద్దు చానాసార్లు ఆపమన్నా. భయమైతాందని కూడా చెప్పినా. పాట సౌండు తగ్గించినాడు గానీ బండి ఆపల్యా."

తనను ఇన్నాళ్ళూ పిరికిదనుకున్నాను. మంచుకు కాదు, తన మాట వినని మనిషి పక్కన మళ్ళీ కూర్చోవడానికే భయపడిందని అప్పుడు తెలిసింది. దారిలో ఎన్నిసార్లు ఆపమంటే అన్నిసార్లు ఆపుతానని చెప్పాను. ఎందుకని అడగనని కూడా చెప్పాను.

తను తలుపు పిడి మీది నుంచి చెయ్యి తీసింది. వేళ్ళు ఒకసారి ముడిచి, తెరిచి, ఒళ్ళో పెట్టుకుంది.

"పా అక్కా, పోదాం. రేపు డ్యూటీ ఉంది నాకు."