ముసుగు వీరుడు ఎత్తిన పిడికిలి

ఉత్తరాదిన వైశాలిలో మా అమ్మాయి ఇంట్లో, సాయంత్రాలు నాకూ ఎనిమిదేళ్ల మనవరాలికీ టీవీ ముందే గడుస్తాయి. తను చూసేది హిందీలోకి డబ్ చేసిన జపాన్ ముసుగు వీరుల సీరియల్. మనుషులు మాట్లాడుకోవడం మొదలైతే చాలు, రిమోట్ నొక్కి నేరుగా ఫైటింగులోకి దూకేది. నాకు ఒళ్లు మండేది. మా రోజుల్లో పద్యనాటకాల్లో గద ఎత్తినవాడు కూడా, జనం ‘వన్స్ మోర్’ అంటే గద దించి, పద్యం మళ్లీ పాడి, ఆ తర్వాతే కొట్టేవాడు. కోపం ఎందుకొచ్చిందో తెలియని దెబ్బ ఎవడిక్కావాలి?

ఒకరోజు వీరుడు శత్రువు ముందు పిడికిలి ఎత్తి ఆగిపోయాడు.

“తాతా, యే మార్ క్యోం నహీ రహా?”

“ఎందుకు కొట్టడం లేదో నీ రిమోట్‌నే అడుగు.”

“బతావో నా, ప్లీజ్!”

నిజానికి నాకూ తెలియదు. అయినా బెట్టు సడలించలేదు. మూతి ముడుచుకుని కథ వెనక్కి తిప్పింది. ఆ శత్రువు వీరుడి సొంత అన్న. తల్లీతండ్రీ లేని తమ్ముణ్ణి వీపున మోసి పెంచినవాడు. పిల్ల కదలకుండా వింది. మళ్లీ ఆ పిడికిలి లేచేసరికి, “బంద్ కర్ దూం?” అంది, టీవీ కట్టేయడానికి రిమోట్ ఎత్తి, కళ్లనిండా నీళ్లతో.

“వద్దమ్మా. మాటలు విన్నాం కదా, ఇక దెబ్బ కూడా చూడాల్సిందే.”

చూశాం. దెబ్బ తిన్నది అన్న. ‘అబ్బా’ అన్నది నా పక్కనున్న పిల్ల.